వేరుశనగ చేలో కంది సాలు

మా నాయన ఏ ఏడాది వేరుశనగ విత్తినా ఏడు సాళ్ళు శనక్కాయ, ఎనిమిదో సాలు కంది పడేట్టు చూసుకునేవాడు. అనంతపురం జిల్లా ఎర్రనేల, వానను నమ్ముకున్న చేను. ఆ ఎనిమిదో సాలు కూడా శనక్కాయే వేస్తే ఇంకో రెండు మూటలు ఎక్కువొస్తాయి కదా అని ఊళ్ళో కొందరనేవారు. మంచి వానలు పడిన ఏడు వాళ్ళకు ఎక్కువే వచ్చేవి కూడా. కానీ శనక్కాయ నాలుగు నెలల లోపు పంట. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే కాయ పట్టదు, పశువులకు కట్టె తప్ప ఇంటికి ఏమీ రాదు. కంది వేరు లోతుకు పోతుంది. ఆర్నెల్ల పంట. శనక్కాయను ఎండగట్టిన బెట్టను తట్టుకుని, ఆఖర్న ఒక్క వాన పడ్డా పూతకొస్తుంది. శనక్కాయ పోయిన సంవత్సరాల్లో మా బడి ఫీజులు, మా అమ్మ మందులు ఆ కందుల డబ్బుతోనే గడిచాయి.

నేను చేను వదిలి బ్యాంకు కౌంటర్ వెనక్కు చేరాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆ కుర్చీలో కూర్చుని, పిల్లల కోసం తల్లిదండ్రులు డబ్బు దాచే తీరు దగ్గరగా చూశాను. మనవాళ్ళకు పొదుపు తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పండక్కి చీర మానుకుని, బండికి కొత్త టైరు వచ్చే నెలకు వాయిదా వేసి పిల్లల పేరున దాస్తారు. అంత కష్టపడి దాచింది తీసుకెళ్ళి చివరికి ఒకే చోట పోస్తారు. నా దిగులంతా అక్కడే.

ఒక జూలై మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ చదువు అప్పు కోసం మా బ్రాంచికి వచ్చారు. వాళ్ళమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది. ఫీజు కట్టడానికి పది రోజుల గడువు. ఆయన చేతిలో రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ ఫైలు. అందులో నాలుగు రిజిస్ట్రేషన్ దస్తావేజులు, నాలుగూ ఒకే వెంచర్‌వి, ఒకే సర్వే నంబరు. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పేర్చి, "ఇవాళ్టి రేటుకు నలభై లక్షలు సార్" అన్నాడాయన. ఆ మాటలో గర్వం ఉంది, భయమూ ఉంది. మా వకీలు చూసి, ఇది పంచాయతీ లేఅవుట్, అనుమతి లేదు, హామీగా పనికిరాదన్నాడు. అమ్ముదామంటే ఆ నెలలో కొనేవాడు లేడు. అమ్మిన ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు. ఆమె అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. చివర్లో మాత్రం, "నా గాజులు అమ్మి ఈ నాలుగోది కొన్నాం సార్" అంది. ఆ గాజులు ఉండి ఉంటే మధ్యాహ్నం తాకట్టు పెట్టి సాయంత్రానికల్లా ఫీజు కట్టేవాళ్ళు. చివరికి ఒక ప్లాటును కొన్న ధరకన్నా తక్కువకు, అదే వెంచర్‌లోని మరొకాయనకు అమ్మి అమ్మాయిని కాలేజీలో చేర్చారు.

వాళ్ళు తెలివితక్కువ పని చేశారని నేననను. కొన్న స్థలం మంచిదే కావచ్చు, పదేళ్ళ తర్వాత బంగారమే పండొచ్చు. కానీ పిల్లలున్న ఇంటికి ముప్పు అంటే ఫీజు కట్టాల్సిన నెలలో చేతికి డబ్బు అందకపోవడం. పుస్తకాల్లో రిస్కుకు ఎన్ని లెక్కలున్నా, తల్లిదండ్రులుగా మీరు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇది ఒక్కటే. కౌన్సెలింగ్ తేదీ మీ ప్లాటు ధర పెరిగేదాకా ఆగదు.

దీన్ని మన రెండు రాష్ట్రాల్లో అమరావతి చూపించినంత స్పష్టంగా మరేదీ చూపలేదు. 2014లో రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అన్న మాట రాగానే ఆ చుట్టుపక్కల ధరలు ఆకాశానికెక్కాయి. పిల్లల చదువుకు, పెళ్ళికి దాచిన డబ్బంతా అక్కడ పెట్టిన మధ్యతరగతి వాళ్ళు ఎందరో ఉన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. ధర పడిపోవడం అటుంచి, బేరాలే దాదాపు ఆగిపోయాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కదలిక వచ్చింది. ఈ మధ్యలో ఉన్న నాలుగున్నరేళ్ళు చూడండి. 2019లో ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్ల ఉన్న ఇల్లు, ఇతర ఆధారాలుంటే నిబ్బరంగా వేచి ఉండగలిగింది. అప్పుడే ఇంటర్ పూర్తి చేసిన పిల్లవాడు ఉన్న ఇల్లు, చేతిలో మరేమీ లేకపోతే, అడిగిన ధరకు వదులుకుంది. ఒకే గట్టున పక్కపక్కనున్న రెండు స్థలాలు, ఒకరికి లాభం, ఒకరికి నష్టం. తేడా తెచ్చింది భూమి కాదు, ఆగే శక్తి. ఆ ఆగే శక్తి ఇంకో చోట దాచిన డబ్బు వల్లే వస్తుంది.

స్థలం కొనవద్దని నా సలహా కాదు. ఉండటానికి ఒక ఇల్లు, వీలైతే ఒక స్థలం మనవాళ్ళకు ధైర్యాన్నిస్తాయి, ఆ ధైర్యం విలువ నాకు తెలుసు. కొనే ముందు ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి, లేఅవుట్ అనుమతి చూడండి, రిజిస్ట్రేషన్ జరగని 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. హైదరాబాద్ చుట్టుపక్కలైతే చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పటి నీటిమట్టం) హద్దు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఇక నేను బతిమాలేది ఒకటే. మొదటి స్థలం కొన్నాక రెండోదానికి, మూడోదానికి పరుగెత్తకండి. రెండో ప్లాటు మొదటిదానికి రక్షణ ఇవ్వదు. మొదటిది ఏ కారణంతో పడుతుందో అదే కారణంతో రెండోదీ పడుతుంది.

ఇక్కడే చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా పొరబడతారు. పేర్లు వేరైతే చాలు, డబ్బు నాలుగు చోట్ల ఉందనుకుంటారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లెక్కల్లో మోసం జరిగిందని ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. అంతకుముందు రోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయలకు చేరింది. అప్పటి హైదరాబాద్‌లో ఒక సత్యం ఉద్యోగి ఇంటిని ఊహించుకోండి. జీతం సత్యంది. పొదుపు కంపెనీ ఇచ్చిన షేర్ల రూపంలో ఉంది. ఇంటి అప్పు ఈఎంఐ ఆ జీతం మీదే ఆధారపడింది. ఇంటి ధర అలాంటి ఉద్యోగులు కొంటారన్న నమ్మకం మీద నిలిచింది. పైకి చూస్తే ఉద్యోగం, షేర్లు, ఇల్లు అని మూడు ఆస్తులు. ఆ రోజు మూడూ ఒకేసారి ఊగాయి.

ఇప్పుడూ అదే కథ మరో రూపంలో చూస్తున్నాను. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అదే కంపెనీ ఇచ్చిన షేర్లు, కొన్న రెండు మ్యూచువల్ ఫండ్లూ ఐటీ రంగానివే, కోకాపేటలో అప్పు మీద ఫ్లాటు. డాలస్‌లో ఉన్న మన పిల్లల పరిస్థితి ఇంకొంచెం సున్నితం. ఉద్యోగం పోతే వీసా గడువు కూడా వెంటాడుతుంది, చేతిలో ఉన్నవి అదే కంపెనీ షేర్లు, ఇండియాలో ఉన్నవి అమ్మబుద్ధి కాని ప్లాట్లు. వాళ్ళకు నేను చెప్పేది, కంపెనీ షేర్లు చేతికొచ్చినప్పుడల్లా కొంత అమ్మి వేరే చోటికి మార్చమని. కంపెనీ మీద నమ్మకం లేక కాదు, జీతమే అక్కణ్ణించి వస్తున్నప్పుడు పిల్లల చదువు కూడా దాని మీదే మోపడం బరువెక్కువ. 1952లో హ్యారీ మార్కోవిట్జ్ అనే అమెరికన్ యువకుడు గణితంతో నిరూపించింది దాదాపు ఇదే. ఎన్ని ఆస్తులున్నాయన్నది సగం ప్రశ్న మాత్రమే, అవి కలిసి పడతాయా విడివిడిగా పడతాయా అన్నది మిగతా సగం. ఆయనకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. కంది, శనక్కాయ ఒకే బెట్టకు ఎండవని చూసి విత్తిన రైతులు ఆ సంగతి చేతుల్తో తెలుసుకున్నారు.

వడ్డీ వ్యాపారం గురించి కూడా మాట్లాడుకోవాలి. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆ మాట వినగానే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వచ్చే ఆరేడు శాతం వెలవెలబోతుంది. అంత వడ్డీ ఒప్పుకుని తీసుకునేవాడికి బ్యాంకు ఎందుకు అప్పివ్వలేదో ఒక్క క్షణం ఆలోచించండి. ప్రోనోటు రాయించుకున్నాం కదా అంటారు. మూడేళ్ళు దాటితే ఆ ప్రోనోటుకు కాలదోషం పడుతుంది, తీసుకున్నవాడు బంధువైతే అడగడానికి మొహమాటం ముందే పడుతుంది. ఎక్కువ లాభం ఆశ చూపే కంపెనీలదీ ఇదే తీరు. విజయవాడ కేంద్రంగా డిపాజిట్లు సేకరించి, చివరికి తిరిగి చెల్లించలేకపోయిన అగ్రిగోల్డ్ కంపెనీలో డబ్బు కట్టినవాళ్ళు సుమారు 32 లక్షల మంది. వాళ్ళలో ఎక్కువమంది దురాశాపరులు కారు. కూరగాయలమ్మేవాళ్ళు, కూలికెళ్ళేవాళ్ళు, చిరుద్యోగులు. తెలిసిన ఏజెంటు ఇంటికొచ్చి చిన్న మొత్తాలు తీసుకెళ్ళేవాడు, రసీదు ఇచ్చేవాడు. ఆ నమ్మకంతో ఇంటి పొదుపంతా అక్కడే చేర్చారు. డబ్బు పోయినా పదో వంతు పోయినవాళ్ళు కోలుకున్నారు. అంతా అక్కడే పెట్టినవాళ్ళు కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. మోసం చేసేవాణ్ణి అన్నిసార్లూ మనం పసిగట్టలేం. ఒకరికి ఎంత అప్పగించాలో మాత్రం మన చేతిలో ఉంటుంది.

చీటీల సంగతీ అంతే. 1982 చట్టం కింద రిజిస్టరైన చిట్‌ఫండ్‌లో, కట్టగలిగినంత చీటీ వేయడం తప్పేమీ కాదు. అవసరానికి పాట పాడుకుని డబ్బు తెచ్చుకునే వెసులుబాటు దానిలో ఉంది. వీధి చివర ఆవిడ నడిపే ఇంటి చీటీలో మాత్రం, పూర్తిగా పోయినా మీ ఇంట్లో పొయ్యి ఆరిపోనంత మొత్తమే పెట్టండి.

బ్యాంకులో పెట్టిన డబ్బుకూ ఒక హద్దు ఉంది, దాన్ని నా కుర్చీలోంచి చెప్పినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయేవారు. ఒక్కో బ్యాంకులో ఒక్కో వ్యక్తికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా మాత్రమే డిపాజిట్ బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే. ఒకే బ్యాంకు నాలుగు బ్రాంచీల్లో వేసినా అన్నీ కలిపే లెక్క. పరపతి సహకార సంఘాలకైతే ఆ బీమా అసలు వర్తించదు, బోర్డు మీద అక్షరాలు బ్యాంకు లాగే కనిపించినా సరే. అర శాతం వడ్డీ ఎక్కువిస్తారని పదిహేను లక్షలు ఒకే చిన్న బ్యాంకులో పెట్టేకన్నా మూడు మంచి బ్యాంకుల్లో, భార్యాభర్తల పేర్లతో విడివిడిగా పెట్టుకోండి. బస్సు ఛార్జీ తప్ప పోయేదేమీ లేదు.

మరి అంతా డిపాజిట్లలోనే పెట్టి నిద్రపోవచ్చా? నిద్ర పడుతుంది, కానీ పిల్లల ఫీజు నిద్రపోదు. మీ పాప ఎల్‌కేజీలో కట్టిన ఫీజు రసీదు, ఇప్పుడు మూడో తరగతిలో కట్టిన రసీదు పక్కపక్కన పెట్టి చూడండి. డిపాజిట్ వడ్డీలో పన్ను పోగా మిగిలేది ఆ పెరుగుదలను అందుకోవడం కష్టం. అందుకే దూరంగా ఉన్న అవసరానికి కొంత డబ్బు కంపెనీల వాటాల్లో ఉండక తప్పదు.

ఆ మాటకు ముందు పునాది చూసుకుందాం. సంపాదించే మనిషి పేరున టర్మ్ బీమా, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో. ఈ మూడూ లేకుండా ఏ ఫండులో పెట్టినా, ఆస్పత్రి బిల్లు వచ్చిన రోజు దాన్ని చెడ్డ ధరకు అమ్మాల్సి వస్తుంది. బీమాను పొదుపుతో కలిపిన పిల్లల పాలసీలు మన ఇళ్ళలో విరివిగా ఉన్నాయి. అమ్మిన ఏజెంటు బావగారో పిన్నిగారో అయ్యుంటారు. ఉన్నవాటిని కోపంతో రద్దు చేయకండి, సరెండర్ విలువ ఎంతో కనుక్కుని నిదానంగా ఆలోచించండి. కొత్తవి తీసుకునే ముందు మాత్రం, ఇదే ప్రీమియంకు టర్మ్ పాలసీలో ఎంత రక్షణ వస్తుందో ఒక్కసారి అడగండి. తేడా మీకే కనిపిస్తుంది.

ఇక షేర్లు. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల చిల్లరకు దిగింది. ఆ రోజుల్లో కౌంటర్ ముందుకొచ్చి, "ఇక చాలు, ఉన్నది తీసేయండి" అన్న తండ్రుల ముఖాలు నాకింకా గుర్తే. 2010 చివరికి అది మళ్ళీ 20 వేలు దాటింది. 2020 మార్చి 23న 26 వేల కిందికి పడిన సెన్సెక్స్ అదే ఏడాది డిసెంబరు ఆఖరుకు 47 వేల పైన ఉంది. ప్రతిసారీ ఇంత త్వరగా లేస్తుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. తెలిసింది ఏమిటంటే, ఏడెనిమిదేళ్ళు ముట్టుకోనవసరం లేని డబ్బు ఈ కుదుపులను చాలావరకు తట్టుకోగలదు, రెండేళ్ళలో కావలసిన డబ్బు తట్టుకోలేదు. ఏ షేరు కొనాలో తెలియకపోవడం సిగ్గుపడే విషయం కాదు. నిఫ్టీ 50 సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండులో నెలనెలా సిప్ వేస్తే యాభై పెద్ద కంపెనీల్లో తలా కొంచెం వాటా వస్తుంది, ఖర్చూ తక్కువ. అలాంటి ఫండ్లు ఒకటి రెండు చాలు. ఎనిమిది ఫండ్లు కొంటే ఎనిమిదింట్లోనూ అవే బ్యాంకులు, అవే ఐటీ కంపెనీలు కనిపిస్తాయి. మీకు మిగిలేది స్టేట్‌మెంట్ల కట్ట.

లెక్క వేసి చూపిస్తాను. పదేళ్ళ లోపు పాప ఉన్న ఇంట్లో పది లక్షలు పోగయ్యాయనుకుందాం. అయిదు లక్షలు ఇండెక్స్ ఫండులో, మూడున్నర లక్షలు సుకన్య సమృద్ధిలోనో పీపీఎఫ్‌లోనో, లక్ష బంగారంలో, యాభై వేలు డిపాజిట్‌లో. మార్కెట్ సగానికి సగం పడిపోయిందనుకోండి, అంతకన్నా ఘోరం తరచూ జరగదు. మీ పది లక్షలు ఏడున్నర లక్షలవుతాయి. మళ్ళీ పదికి చేరాలంటే అది మూడో వంతు పెరిగితే చాలు. మొత్తం షేర్లలోనే ఉండి ఉంటే అయిదు లక్షలయ్యేది, పదికి చేరాలంటే రెట్టింపు కావాలి. పడిన రోజున మీ మనసు ఎటు ఉంటుందన్నది ఇంకా ముఖ్యం. ఏడున్నర చూసిన తల్లి ఓర్చుకుంటుంది. అయిదు చూసిన తల్లి భయంతో అమ్మేస్తుంది, అప్పుడు నష్టం నిజమైపోతుంది. ఈ పాళ్ళు అందరికీ ఒకటే కాదు. జీతం ఖాయంగా వచ్చే ప్రభుత్వోద్యోగి ఇంట్లో షేర్ల వాటా కొంచెం పెంచవచ్చు. పంట మీదో చిన్న దుకాణం మీదో బతికే ఇంట్లో ఆదాయమే కుదుపుల్లో ఉంటుంది, అక్కడ స్థిరమైన పొదుపు ఎక్కువుండాలి.

సుకన్య సమృద్ధి 2015 జనవరిలో మొదలైంది. పదేళ్ళు నిండని ఆడపిల్ల పేరున తెరవచ్చు, ఏడాదికి 250 రూపాయల నుంచి లక్షన్నర దాకా కట్టవచ్చు. 2024 జనవరిలో వడ్డీ 8.2 శాతం చేశారు, మూడు నెలలకోసారి ప్రభుత్వం రేటు ప్రకటిస్తుంది. పోస్టాఫీసులో చాలామందికి తెలియకుండా జారిపోయే మెలిక ఒకటుంది. ఖాతా పండేది పాపకు 21 ఏళ్ళు వచ్చినప్పుడు కాదు, ఖాతా తెరిచిన 21 ఏళ్ళకు. ఆరేళ్ళ పాపకు తెరిస్తే, 18 నిండాక పెళ్ళి కోసం ముందే మూస్తే తప్ప, ఆమెకు 27 వచ్చాకే పూర్తి మొత్తం. పదో తరగతి అయ్యాకో 18 నిండాకో పైచదువు కోసం సగం దాకా మాత్రమే తీసుకోవచ్చు. అందుకని ఎంత మంచి పథకమైనా చదువు డబ్బంతా అందులోనే పెట్టకండి. మగపిల్లలున్న ఇంటికి పీపీఎఫ్ ఉంది. పదిహేనేళ్ళ గడువు కాబట్టి బిడ్డకు రెండేళ్ళు నిండేలోపు తెరిస్తే ఇంటర్ అయ్యే నాటికి చేతికొస్తుంది.

బంగారం గురించి మన తల్లులకు నేను చెప్పేది కొంచెమే. 2012లో 31 వేల దాకా వెళ్ళిన పది గ్రాముల ధర 2015లో 26 వేల దరికి దిగింది, 2025లో లక్ష దాటింది. ఏళ్ళ తరబడి పడుకుని ఒక్కసారి లేచే స్వభావం దానిది. షేర్లు భయపడే కాలంలో తరచూ అది నిలబడుతుంది, కాబట్టి పదో వంతు ఉండనివ్వండి. దాచుకునేందుకైతే నగ కాకుండా గోల్డ్ ఈటీఎఫ్‌గానో హాల్‌మార్క్ ఉన్న బిస్కెట్‌గానో కొనండి, తరుగు, మజూరీ మిగులుతాయి. ఒంటి మీద పెట్టుకునే నగను సంతోషం కోసం కొనుక్కోండి, పొదుపు లెక్కలో రాయకండి.

పాప తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే జూన్ నెలను గుర్తుపెట్టుకోండి. కాలేజీ ఫీజుకు అక్కణ్ణించి నాలుగేళ్ళు. ఆ ఏడాది నుంచి ఫండులో ఉన్న చదువు డబ్బులో నాలుగో వంతు చొప్పున తీసి ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు మార్చుతూ రండి. తొమ్మిదిలో ఒకటి, పదిలో ఒకటి, ఇంటర్ రెండేళ్ళలో మిగతా రెండు. ఆ సమయంలో మార్కెట్ ఎగసిపడుతుంటే, "ఇంకో ఏడాది ఉంచితే" అని మనసు లాగుతుంది, పక్కింటాయన లాభం చెవిన పడుతుంది. మీరు మార్చండి. ఈఏపీసెట్ ర్యాంకు మీద దిగులుండే ఇంట్లో సెన్సెక్స్ మీద దిగులు కూడా చేర్చకండి.

ఏటా జూన్‌లో బడి ఫీజు కట్టిన వారంలోనే పొదుపు పుస్తకం కూడా తెరవండి. సగం అనుకున్న షేర్లు పెరిగి అరవై అయిదు శాతమయ్యాయా, పెరిగినదానిలో కొంత తీసి తగ్గినదానిలో వేయండి. పడ్డాయా, కొత్తగా దాచే డబ్బు అటు పంపండి. ఏడాదికొకసారి చాలు. రోజూ ఫోనులో ధరలు చూసే తండ్రి చేతులు ఊరుకోవు.

ఫోను అన్నాను కాబట్టి, కాలేజీకెళ్ళే కొడుకులున్నవాళ్ళకు ఒక మాట. ఆప్షన్స్ ట్రేడింగ్ నేర్పుతామంటూ టెలిగ్రామ్ గ్రూపులు పిల్లల్ని లాగుతున్నాయి. 2021-22 నుంచి మూడేళ్ళ లెక్కలు చూసి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో ప్రకటించింది, ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని. తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఈ అంకె చెప్పండి, ఇంటి పొదుపు ఎక్కడెక్కడ ఉందో వాడికీ చూపించండి. ఇంటి లెక్క తెలిసిన పిల్లవాడికి ఆ డబ్బు వెనక ఎవరి కష్టముందో తెలుస్తుంది.

లెక్క భార్యాభర్తలిద్దరికీ తెలియడం అన్నిటికన్నా ముఖ్యం. భర్త పోయాక ఏ బ్యాంకులో ఏముందో తెలియక, నామినీ పేరు లేక, పాస్‌పుస్తకాల సంచీతో మా బ్రాంచి మెట్లెక్కిన ఆడవాళ్ళను నేను లెక్కపెట్టలేను. కొందరి ఖాతాల్లో నామినీగా ఎప్పుడో చనిపోయిన అత్తగారి పేరుండేది. మీ డబ్బు ఎన్ని చోట్ల ఉంటే అన్ని చోట్లా నామినీ ఉండాలి, ఆ జాబితా ఇద్దరి చేతికీ అందే చోట ఉండాలి.

ఈ ఆదివారం భోజనాలయ్యాక టీవీ కట్టేసి, ఇద్దరూ కూర్చుని ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీయండి. ఎంత ఉంది, ఎక్కడుంది, అడిగిన ఎన్ని రోజులకు చేతికొస్తుంది. మూడో గడిలో ఇద్దరూ ఒకే జవాబు రాసేదాకా లేవకండి.